పావు చుట్టు వెనక్కి

ఓవెన్ తెచ్చిన మనుషులు దాన్ని వంటగదిలో దింపి, వానకు తడిసిన తలలు తుడుచుకుంటూ, దీనికి పాయింటు ఎక్కడమ్మా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మావారు, "అది నేను చూసుకుంటాను," అన్నారు. ఆ వానాకాలం మా ఇంట్లో జరిగినవన్నీ ఆ ఒక్క మాటకు పుట్టిన పిల్లలే.

అది ఇళ్ళల్లో బల్ల మీద పెట్టుకునే బుల్లి ఓవెన్ కాదు. నా భుజం ఎత్తున ఇనప బీరువాలా ఉంటుంది. ఏళ్ళ తరబడి నేను ఇంకొకరి బేకరీలో పిండి పిసికాను. పేరు వాళ్ళది, నడుం నొప్పి నాది. కాలేజీ క్యాంటీను నడిపే మేడమ్ ఒకరు నా చేతి బన్నులు తిని, సొంతంగా చేసిస్తే ఏడాది పొడుగునా తనే తీసుకుంటానన్నారు. కాకపోతే, దసరా సెలవులయ్యి కాలేజీ తెరిచేలోపు స్వయంగా వచ్చి వంటగది చూస్తారట. ఓవెనూ, పిండి కలిపే మిషనూ ఆవిడ కళ్ళముందు కలిసి నడవాలి. నచ్చితే ఆర్డరు నాకు, నచ్చకపోతే బజార్లో పెద్ద బేకరీకి. ఆవిడ దగ్గర మొహమాటాలు లేవు. నేను నా కాళ్ళ మీద నిలబడతానా, లేక మళ్ళీ పాత యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడతానా అన్నది ఆ ఒక్క రాకతో తేలిపోవాలి.

అంత ఓవెన్ నడవాలంటే మెయిన్ బోర్డు నుంచి వంటగదికి వేరే లావుపాటి లైను లాగాలి. ఏ ఇంట్లోనైనా ఏం చేస్తారు? ఎలక్ట్రీషియన్ని పిలుస్తారు. మా ఇంట్లో చిక్కేమిటంటే, మా తమ్ముడు ఎలక్ట్రీషియన్.

వాడికీ మావారికీ అంతకుముందు ఎండాకాలం నుంచీ మాటల్లేవు. హాల్లో ఫ్యాను మావారే బిగించుకున్నారు. చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడు దాని కింద చాప పరుచుకుని పడుకుని, కాసేపు అది ఊగడం చూసి, "బావగారూ, దీని కింద పడుకోవాలంటే ముందు ఇంట్లోవాళ్ళకి అన్నీ అప్పజెప్పి పడుకోవాలా?" అని అడిగాడు. పది మందీ నవ్వారు. మావారు నవ్వలేదు. అప్పటిదాకా ఉత్త 'బావా'గా ఉన్న మనిషి 'బావగారు' అయిపోయిందీ ఆ రోజే. మా వైపు గౌరవం పెరిగిందంటే బంధుత్వం చెడిందని లెక్క.

పోనీ బయటి మనిషిని పిలుద్దామా అంటే, తమ్ముడు ఉండగా ఇంకొకడి చేత పని చేయించుకుంటే వాడి తల తీసేసినట్టు. అయినా తెగించి, పక్క వీధిలో ఉండే ఎలక్ట్రీషియన్ దగ్గరికి గొడుగేసుకుని చాటుగా వెళ్ళాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీరు ఫలానా వాడి అక్క కదమ్మా అన్నాడు. అవునన్నాను. ఆ ఇంట్లో స్విచ్చు ముట్టుకుంటే రేపు నేను వాడికి ముఖం ఎలా చూపించనూ అని, టీ మాత్రం ఇచ్చి పంపేశాడు. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

తమ్ముడికి ఫోను చేస్తే వాడి పాట వాడు పాడాడు. బావగారు పిలిస్తే అర్ధగంటలో వస్తాడట, పిలవకపోతే గుమ్మం తొక్కడట. ఇక్కడ ఈయన పాట ఈయనది. "వాడు వస్తానంటే నేను కాదంటానా? తనంతట తను రావచ్చుగా," అంటారు. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళంటుంటే, నాలుగో కాలు నేనే అయి ఇద్దరి మధ్యా పరిగెత్తాను.

మావారు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తారు. అద్దాలు అరగదీయడం, ఫ్రేముల్లో కూర్చోబెట్టడం, చీమ తలకాయంత స్క్రూలు బిగించడం ఆయన పని. ఆ పనిలో ఆయనకు వంక పెట్టలేం. దూరపు వాళ్ళు కూడా వెతుక్కుంటూ వచ్చి ఆయన చేతే బిగించుకుంటారు. అందుకే ఆయనకొక నమ్మకం ఉండేది. కంటికి కనపడని స్క్రూ బిగించేవాడికి కంటికి కనపడే స్క్రూ ఒక లెక్కా అని. పైగా వైరింగు గురించి నాలుగు వీడియోలు చూశారు. ఆ వీడియోల్లో మనుషులందరూ నవ్వుతూనే పని చేస్తారు, ఎవరి ఇంట్లోనూ దుమ్ము లేవదు.

మా ఇంట్లో లేచింది. గోడ చెక్కడం మొదలుపెట్టిన ఆదివారం నుంచి ఉప్పు డబ్బా ఏదో సున్నం పొడి ఏదో తెలియకుండా పోయింది. పొయ్యిని హాల్లోకి మార్చాం. వంట హాల్లో, భోజనం పడగ్గదిలో, నిద్ర ఎక్కడ చోటు దొరికితే అక్కడ. దుకాణం నుంచి రాగానే ఆయన చొక్కా మార్చుకుని గోడ ముందు నిలబడేవారు. స్కేలు పెట్టి పెన్సిలు గీత గీస్తే ఆ గీత మీదే గాడి వచ్చేది. పని నెమ్మదిగా సాగేది గానీ, అబద్ధం ఎందుకూ, చూడ్డానికి ముచ్చటేసేది. వైర్లు జడలు అల్లినట్టు వరసగా వచ్చి స్విచ్చు పెట్టెలో కూర్చున్నాయి. పనిలో పనిగా మెయిన్ బోర్డు కూడా విప్పి, స్క్రూలన్నీ తీసి, కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించారు. ఆ గుడ్డ చూసి అత్తగారు, "బోర్డుకి చత్వారం వచ్చిందట్రా?" అని అడిగి వెళ్ళి పడుకున్నారు.

ప్రారంభం నాడు ఓవెన్ ఎర్రగా వెలిగింది. మావారి ముఖం అంతకన్నా వెలిగింది. నేను ఆనందంతో పిండి మిషను స్విచ్చు నొక్కాను. బోర్డులో చిటపటమని చప్పుడయ్యి, మెయిన్ మీట టప్పున కిందికి పడి ఇల్లంతా చీకటైంది. ఎత్తి పెడితే మళ్ళీ పడింది. ఒక్క ఓవెనే వేస్తే నడుస్తుంది, ఒక్క మిషనే వేస్తే నడుస్తుంది, రెండూ కలిపితే ఒప్పుకోదు. ఓవెన్ నడుస్తుండగా పడగ్గదిలో ఇస్త్రీపెట్టె పెట్టినా అంతే. కొత్త లైను కదా, సర్దుకుంటుంది అన్నారు మావారు. లైను సర్దుకోలేదు, మేమే సర్దుకున్నాం.

ఆ సర్దుబాటుకు అత్తగారు పెద్ద దిక్కయ్యారు. ఆవిడ రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పని చేసిన మనిషి. ఊళ్ళో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో ఆవిడ చేతి మీదుగా జరిగిన రోజులవి. రిటైరయ్యాక ఆవిడ మాట వినేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు మెయిన్ బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంట్లో ఎవరు ఏ స్విచ్చు వేయాలన్నా ముందు ఆవిడకు చెప్పాలి.

"ఓవెన్ లైన్లో ఉంది, ఇస్త్రీపెట్టె ఆగాలి," అనేవారు. నేను వంటగదిలోంచి మిషను అని అరిస్తే, ఓవెన్ ఆపించి, మిషను కలిపి, కాసేపాగి, "అయిందా అమ్మాయ్? అవతల ఇస్త్రీ వాళ్ళు కాచుకుని ఉన్నారు," అనేవారు. ఆ ఇస్త్రీ వాళ్ళు ఆవిడ కన్న కొడుకే. సగం నలిగిన చొక్కాతో దుకాణానికి వెళ్ళిన రోజులు ఉన్నాయి ఆయనకు. నా బన్నులు మాత్రం ఒక పూట పొంగి ఒక పూట అణిగి, ముఖాలు మాడ్చుకుని బయటికొచ్చేవి. అత్తగారు హుషారుగా ఉన్నారు, ఆవిడ మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి. నేను మాత్రం క్యాలెండరు వైపే చూస్తున్నాను. మేడమ్ వచ్చే రోజు దగ్గర పడుతోంది, ఆవిడ ముందు ఈ ఎక్స్ఛేంజి నడిపితే ఆర్డరు సంగతి అటుంచి, నవ్వి వెళ్ళిపోతారు.

ఒకరోజు గట్టిగానే అడిగాను, తమ్ముణ్ణి పిలవమని. మావారు వినిపించుకోనట్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు కూడా వాడి పక్షమేనా?" అన్నారు. నేను బన్నుల పక్షం అన్నాను. ఆ రోజంతా ఇంట్లో లైన్లన్నీ ఖాళీగానే ఉన్నాయి, మాట్లాడుకునేవాళ్ళే లేరు.

మేడమ్ వస్తానన్నది ఒక ఆదివారం సాయంత్రం. పొద్దుట్నుంచీ ఒకటే వాన. గోడలు చెమ్మెక్కి, అగ్గిపుల్ల గీసినా వెలగడం లేదు. మధ్యాహ్నం మచ్చుకి ఒక వాయి కాల్చి చూద్దామని ఓవెన్ వేసి, ట్రే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఓవెన్ తలుపు తీశాను.

ఎవరో మోచేతి మీద సుత్తితో కొట్టినట్టయింది. ట్రే ఎటో ఎగిరిపోయింది. నేను వెనక్కి, పిండి బస్తా మీద కూలబడ్డాను. అరిచానో లేదో నాకు గుర్తులేదు. పిండి ముద్దలు నేలంతా దొర్లుతున్నాయి. చచ్చిపోయేదాన్నే కదా అనిపించి ఏడుపొచ్చింది.

మావారు పరిగెత్తుకొచ్చారు. నన్ను చూశారు, నా చేతిని చూశారు, తెరిచి ఉన్న ఓవెన్ తలుపు చూశారు. వెళ్ళి మెయిన్ ఆపేశారు. అత్తగారు ఆ కుర్చీలోంచి లేచి, దాన్ని మడిచి గోడకు ఆనించారు. ఆయన ఫోను తీసుకుని వాన పడుతున్న మెట్ల మీదికి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు వినపడింది.

"బామ్మర్దీ," అన్నారు. "మీ అక్కకి షాక్ కొట్టింది. బానే ఉంది. నువ్వొకసారి రా."

అంతే. ఇంత మాట అనడానికి ఒక ఎండాకాలం, ముప్పాతిక వానాకాలం పట్టాయి.

తమ్ముడు అన్న మాట ప్రకారం అర్ధగంటలోపే వచ్చాడు, నిలువునా తడిసి, భుజాన సంచితో. ముందు నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఆడించమన్నాడు. ఆడించాను. తర్వాత బావ వైపు చూశాడు. ఈసారి నవ్వుతాడేమో, ఇంకేం మిగులుతుంది ఈ ఇంట్లో అని నాకు భయమేసింది. వాడు నవ్వలేదు. టవలిస్తావా అని అడిగి, చేతులూ కాళ్ళూ పొడిగా తుడుచుకుని బోర్డు విప్పాడు.

చాలాసేపు టార్చి వేసి చూశాడు. వైరు ఏదని చూశాడు, సరైనదే. గాడి చూశాడు, స్విచ్చు పెట్టెలోకి తొంగి చూశాడు. మావారు పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నారు. చివరికి వాడు ఒక స్క్రూ మీద తన స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. కదిలింది. ఇంకోటి తిప్పాడు. అదీ కదిలింది. వాడి ముఖంలో ఏదో అర్థం కాని పొడుపుకథ విన్నట్టు ఉంది.

"బావా," అన్నాడు. గారు లేదు. "పని నాకన్నా నీటుగా ఉంది. కానీ ఇన్ని స్క్రూలున్నాయి కదా, ఒక్కటి కూడా పూర్తిగా బిగించలేదేం? అన్నీ ఒకే లెక్కన, పావు చుట్టు తక్కువ."

మావారు ఆశ్చర్యంగా చూశారు. "బిగించాకే కదా పావు చుట్టు వెనక్కి తిప్పాను," అన్నారు.

"ఎందుకు తిప్పావు?"

"లేకపోతే అద్దం చిట్లుతుంది."

ఆ మాట తన నోట్లోంచి బయటికొచ్చాకే దాని అర్థం ఆయనకు తెలిసింది. ఇన్నేళ్ళుగా ఆయన చేతికి అలవాటైన పద్ధతి అది. ఫ్రేములో స్క్రూ చివరిదాకా బిగించి, అద్దం అంచుకు ఊపిరి ఆడేలా చిన్నగా వెనక్కి తిప్పాలి. అద్దాలకు చేసే మర్యాదంతా తీసుకొచ్చి మా మెయిన్ బోర్డుకు చేశారు. వదులు స్క్రూల దగ్గర వేడి పుట్టి మీట పడిపోతోంది. ఎర్త్ వైరు స్క్రూ కూడా అదే మర్యాదలో ఉంది. వానకు చెమ్మెక్కిన ఓవెన్ కాయిల్ నుంచి కరెంటు రేకులోకి దిగితే, భూమిలోకి పోవలసింది నా చేతిలోకి వచ్చింది.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నేనే అయ్యుండాలి. ఏడుపులోంచి నవ్వొస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. అత్తగారు చీర చెంగు నోట్లో కుక్కుకున్నారు. తమ్ముడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. మావారు కూడా నవ్వారు గానీ కళ్ళజోడు తీసి పక్కకు తిరిగారు.

తమ్ముడు వేడికి నల్లబడ్డ వైర్ల కొసలు కత్తిరించి, కాలిన మీట మార్చి, పెద్ద స్క్రూడ్రైవరు బావ చేతికిచ్చాడు. నీ పని నువ్వే ముగించమన్నాడు. మావారు బిగించారు, ఆగారు. ఇంకా అన్నాడు తమ్ముడు. ఇంకాస్త తిప్పి ఆగారు. ఇంకా అన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని, ఏదో పగిలే చప్పుడు కోసం చెవులు రిక్కించి, చివరిదాకా తిప్పారు. ఏమీ పగలలేదు. అలా ఒక్కో స్క్రూకీ చెమటలు కక్కారు. కాయిల్ ఆరేదాకా ఓవెన్ని ఖాళీగా వేడెక్కించాలి అన్నాడు తమ్ముడు. వేసి, టెస్టరు పెట్టి చూసి, నా వైపు తలూపాడు. నేను మిషను కూడా వేశాను. దీపం రెప్ప కూడా ఆర్పలేదు.

సరిగ్గా అప్పుడే మేడమ్ గుమ్మంలో గొడుగు మూశారు.

ఆవిడ వచ్చీ రాగానే నేల చూశారు, అటకలు చూశారు, నడుస్తున్న రెండు మిషన్లూ చూశారు. ముఖంలో తృప్తి కనపడింది. తర్వాత గోడ మీద కొత్త గాడి చూసి, ఈ వైరింగు ఎవరు చేశారు అని అడిగారు. మావారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మా బామ్మర్ది అన్నారు. అదే క్షణంలో తమ్ముడు ఛాతీ విరుచుకుని మా బావ అన్నాడు. వాడు బావను మెచ్చుకోవడం జీవితంలో అదే మొదలు, దానికి ముహూర్తం అదే దొరికింది వాడికి.

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. బావగారు ఏం చేస్తుంటారన్నారు. కళ్ళజోళ్ళ దుకాణం అని అత్తగారు చెప్పేశారు. ఆవిడ నా వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా," అన్నారు.

ఇద్దరిలో ఎవరి పరువు కాపాడాలి? అబద్ధం చెబితే ఆర్డరు వస్తుంది, కానీ నేను రోజూ పొద్దున్నే ఆ అబద్ధం పక్కన నిలబడి బన్నులు కాల్చాలి. "లైను వేసింది మావారు. తప్పు పట్టుకుని సరిచేయించింది తమ్ముడు, వాడు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. మధ్యాహ్నం షాక్ తిన్నది నేను," అన్నాను.

షాక్ అన్న మాట దగ్గరే మేడమ్ ఆగిపోయారు. చెయ్యి గొడుగు మీదికి పోయింది. పిల్లలు తినే తిండి అమ్మా, ఇలాంటి వంటగది నుంచి నేనెలా తెప్పించుకోను అన్నారు.

మావారు గబుక్కున ముందుకొచ్చి, తన అరచేతిని ఓవెన్ పక్క రేకు మీద ఆనించారు. "చూడండమ్మా, ఏమీ లేదు. ఇక కొట్టదు," అన్నారు.

మేడమ్ చూశారు. చెయ్యి తీయకుండా నిలబడ్డ మనిషిని చూసి గొడుగు వదిలేశారు. కానీ ఆవిడ కచ్చితమైన మనిషి కదా, ప్రశ్నలు మొదలయ్యాయి. పిండి ఎక్కడ పెడతారు, నీళ్ళు కాచినవేనా, పిల్లులు వస్తాయా, మీకు జ్వరమొస్తే ఎవరు చేస్తారు. నేను జవాబులు చెబుతూ ఓరకంట ఆయన్ను చూస్తున్నాను. ఖాళీ ఓవెన్, పైగా వేసి చాలాసేపయింది, రేకు వేడెక్కుతోంది. చెయ్యి తీస్తే షాక్ కొట్టి తీశాడనుకుంటారని ఆయన తీయడం లేదు. ముందు నవ్వుతూ నిలబడ్డారు. తర్వాత నవ్వు బిగుసుకుంది. ముక్కు కొస ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. అత్తగారికి సంగతి అర్థమై, మిగతావి ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదమ్మా అన్నారు. మేడమ్ వినలేదు, బన్ను మీద నువ్వులు ఎన్ని పడాలన్న విషయంలో ఉన్నారు.

నేనిక ఆగలేకపోయాను. "చెయ్యి తీయండి. అది షాక్ కాదని ఆవిడకి తెలిసింది. కాలుతోంది," అన్నాను.

మేడమ్ అప్పుడు ఆయన ముఖం సరిగ్గా చూశారు. వెళ్ళేముందు, సోమవారం నుంచి పంపించమ్మా అని నాతో, బర్నాల్ ఏమైనా ఉందా ఇంట్లో అని అత్తగారితో అని, గొడుగు తీసుకుని వానలోకి దిగారు.

ఆయన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి చెయ్యి నీళ్ళ కింద పెట్టాను. అరచెయ్యంతా దానిమ్మ గింజలా ఎర్రబడింది. వెనక తమ్ముడు నేల మీద పిండి ముద్దలు ఏరుతూ అత్తగారికేదో సర్ది చెబుతున్నాడు. నాకు ఆర్డరు వచ్చిన సంతోషం ఒక పక్క, ఈ పిచ్చి మనిషి మీద కోపం ఒక పక్క, రెండింటినీ మించి ప్రేమ పొంగుకొచ్చింది.

ఆయన నీళ్ళ వైపే చూస్తూ నెమ్మదిగా అడిగారు. "నీకు కొట్టినప్పుడు ఇంతకన్నా ఎక్కువ నొప్పి పెట్టిందా?"

నిజం చెబితే నొచ్చుకుంటారు. అబద్ధం చెబితే రేపే ఇంకో స్విచ్చు విప్పుతారు.

ఎక్కువే పెట్టిందని చెప్పాను.